మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధా?

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారు. టీకొట్టు దగ్గర, టీవీ చర్చలో, చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇవాళ ఈ మాటే చెల్లుతోంది. మనల్ని ద్వేషించేవాడి పట్ల దయగా ఉంటే వాడు దాన్ని చేతగానితనం అనుకుంటాడు, రేపు ఇంకో నలుగుర్ని వెంటేసుకుని వస్తాడు, కాబట్టి మళ్లీ లేవకుండా బుద్ధి చెప్పడమే మందు అని వాదన. అపకారికి ఉపకారం చెయ్యమన్న సుమతీ శతకాన్నీ, చేతికి చిక్కిన శత్రువుకు మేలు చేసి పంపమన్న వేమననూ బడిలో మార్కుల కోసం వల్లించి అక్కడే వదిలేసి వచ్చాం. విచిత్రమేమంటే, ఈ వాదన గట్టిగా చేసేవాళ్లలో చాలామంది భక్తులే. దేవుడు చెప్పినవన్నీ శిరోధార్యం, ఈ ఒక్కటి మాత్రం ఆచరణలో కుదరదు అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు, దెబ్బ తిన్నవాళ్ల అనుభవం దీని వెనక ఉంది. కానీ ఈ వాదనంతా ఒకే ఒక్క ఊహ మీద నిలబడి ఉంది. ద్వేషించనివాడు ఎదిరించడు కూడా అన్నదే ఆ ఊహ. నిజంగా అలాంటి దెబ్బ తిని, ద్వేషించకుండా నిలబడ్డవాళ్లు ఏం చేశారో దగ్గరగా చూస్తే అది తప్పని తేలుతుంది.

1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ అనే ఆదివాసీ పల్లెలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రాహం స్టెయిన్స్ తన బండిలోనే పడుకున్నాడు. పక్కన ఇద్దరు కొడుకులు, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి. అర్ధరాత్రి దాటాక దారా సింగ్ నాయకత్వంలో వచ్చిన గుంపు ఆ బండికి నిప్పు పెట్టింది. ముగ్గురూ లోపలే కాలిపోయారు. స్టెయిన్స్ 1965 నుంచి మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు రోగుల ఆశ్రమంలో పనిచేస్తున్నవాడు. ఆయన మతమార్పిడులు చేయించాడా లేదా అన్న చర్చ అప్పుడూ జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. ఆరేళ్ల పిల్లవాణ్ణి కాల్చడానికి ఆ చర్చతో పనేమిటో చర్చ చేసేవాళ్లే చెప్పాలి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ ఒకే రాత్రి పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్, చంపినవాళ్లను క్షమించానని బాహాటంగా చెప్పింది. దేశమంతా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మెచ్చుకున్నవాళ్లు దేవత అన్నారు, నచ్చనివాళ్లు ఇదంతా మిషనరీల ప్రచారం అన్నారు. ఆ మాట తర్వాత ఆమె ఏం చేసిందో గమనించినవాళ్లు తక్కువ. మిగిలిన ఒక్క కూతురితో ఆమె బారిపదలోనే ఉండిపోయింది. 2004 దాకా ఆ ఆశ్రమాన్ని నడిపించింది, భర్త పేరిట ఆసుపత్రి నిలబడేలా చేసింది. స్టెయిన్స్‌ను చంపినవాళ్లకు ఆయన పని ఆగిపోవాలని ఉంది. ఆ పని ఆగలేదు. ఇందులో లొంగుబాటు ఎక్కడుంది? ఆమె ఆస్ట్రేలియాకు వెళ్లిపోయి, అక్కడి నుంచి జీవితాంతం ఈ దేశాన్ని తిడుతూ కూర్చుని ఉంటే దారా సింగ్ గెలిచినట్టు లెక్క. ఆ తిట్లలో ఎంత న్యాయం ఉన్నా సరే.

ఇక రెండో సంగతి. క్షమించానన్నది కదా అని గ్లాడిస్ కేసు వద్దనలేదు. నేను మనసులో పగ పెట్టుకోను, నేరం సంగతి చట్టం చూసుకోవాలి అన్నదే ఆమె వైఖరి. చట్టం చూసుకుంది. 2003లో విచారణ కోర్టు దారా సింగ్‌కు మరణశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011 జనవరి 21న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ తీర్పులో, మతప్రచారం విషయంలో స్టెయిన్స్‌కు గుణపాఠం చెప్పడమే హంతకుల ఉద్దేశమన్న అర్థం వచ్చే వ్యాఖ్య ఒకటి దొర్లింది. పత్రికలూ పౌరసమాజమూ అభ్యంతరం చెప్పాయి. నాలుగు రోజుల్లోనే, జనవరి 25న, కోర్టు ఆ వ్యాఖ్యను తొలగించింది. ఒక విధవరాలు క్షమించింది కాబట్టి అందరూ నోరు మూసుకోవాలని అప్పుడు ఎవరికీ అనిపించలేదు, అనిపించాల్సిన పనీ లేదు. క్షమ వ్యక్తిది, శిక్ష రాజ్యానిది. రెండూ ఒకే గదిలో పక్కపక్కనే కూర్చోగలవు. క్షమిస్తే న్యాయానికి నీళ్లు వదులుకున్నట్టే అనేవాళ్లు ఈ రెంటినీ కలిపి ఒకే ముద్ద చేస్తున్నారు.

ఇదేదో ఇప్పటి చట్టాల పుణ్యమా అని వచ్చిన తెలివి కాదు. రెండో చెంప చూపమన్న యేసునే తీసుకోండి. ఆ ఉపదేశాన్ని ఎద్దేవా చెయ్యని వాదన లేదు. అదే యేసును విచారణలో ఒక బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు ఏం జరిగిందో యోహాను సువార్త చెబుతుంది. ఆయన తిరిగి కొట్టలేదు, తల వంచుకుని ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని నిలదీశాడు. ఫిలిప్పీ పట్నంలో ఆయన అపొస్తలుడు పౌలును విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, జైల్లో వేసి, పొద్దున్నే చడీచప్పుడు లేకుండా వెళ్లిపొమ్మన్నారు. రోమా పౌరుణ్ణి అలా కొట్టడం చట్టవిరుద్ధం. అధికారులే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అని ఆయన పట్టుబట్టాడు, వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. ముందు రోజు రాత్రే ఆయన, తన కాళ్లకు బొండ వేసిన జైలరు ఆత్మహత్య చేసుకోబోతుంటే అరిచి ఆపాడు. జైలరు ప్రాణం మీద దయ, అధికారుల అన్యాయం మీద నిలదీత. ఒకే మనిషి, ఒక రాత్రీ ఆ మర్నాటి పొద్దునా చేసిన పనులివి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పోతన భాగవతం ప్రథమ స్కంధంలోనే ఉంది. నిద్రపోతున్న ఉపపాండవుల గొంతులు కోసిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. అయిదుగురు కొడుకుల శవాలు ఇంకా చల్లబడలేదు. ఆ తల్లి అడిగినదేమిటంటే, కొడుకులు పోయి నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదు, విడిచిపెట్టండి అని. అలాగని ఆమె అశ్వత్థామ చేసిన పనిని సమర్థించలేదు. ఆయుధం పట్టని, నిద్రలో ఉన్న పసివాళ్లను చంపడానికి నీకు చేతులెలా వచ్చాయని వాడి మొహం మీదే అడిగింది. భీముడు మండిపడ్డాడు. కొడుకుల్ని చంపినవాణ్ణి వదలమనే ఈమె వెర్రిది, మీరు చంపకపోతే నేనే చంపుతాను అన్నాడు. ఇవాళ్టి టీవీ చర్చలో మనకు వినిపించేది భీముడి గొంతే. చివరికి జరిగినది చూడండి. అర్జునుడు అశ్వత్థామ తల గొరిగి, శిరోమణి పెకలించి, శిబిరం నుంచి వెళ్లగొట్టాడు. ప్రాణం దక్కింది, నేరానికి గుర్తు పడింది, ఇంకో తల్లికి కడుపుకోత తప్పింది. ఈ కథను తరతరాలుగా చదువుకుంటూ వచ్చినవాళ్లు, దయ చూపడానికీ శిక్ష వెయ్యడానికీ పొత్తు కుదరదని ఎలా నమ్మారో నాకు అర్థం కాదు. ద్రౌపది చేతగానిదని మాత్రం ఎవరూ అనరు. పదమూడేళ్లు జుట్టు విరబోసుకుని తిరిగిందని మనం చెప్పుకునే మనిషి ఆమె.

దయ చూపితే ద్వేషించేవాడు రెచ్చిపోతాడన్నది అసలు వాదన. దీనికి ఎదురు వాదన కంటే అనుభవం చెబుతాను. భయపెట్టి అణచడం అనే సిద్ధాంతాన్ని రాయలసీమ ఫ్యాక్షన్ గ్రామాలు దశాబ్దాల పాటు అమలుచేసి చూశాయి. వేటకొడవళ్లూ నాటుబాంబులూ, చంపినవాడి కొడుకు ఎదిగేదాకా కాచుకుని ఉండటాలూ. ప్రతి హత్యనూ ఇదే చివరిది కావాలి, ఇక వాళ్లు తలెత్తకూడదు అన్న లెక్కతోనే చేశారు. ప్రతి హత్యా తర్వాతి హత్యకు కారణమైంది. ఆ ఊళ్లలో మెత్తనివాళ్లెవరూ లేరు మరి, మొత్తడం ఎందుకు ఆగలేదు? గట్టిగా కొడితే శత్రువు బుద్ధి తెచ్చుకుంటాడన్న సూత్రానికి ఇంతకంటే పూర్తి పరీక్ష ఎక్కడా జరిగి ఉండదు. అందులో అది తప్పింది.

మెత్తదనం చూపినచోట ఏం జరిగింది? 1908 ఫిబ్రవరి 10న జొహానెస్‌బర్గ్‌లో గాంధీ ఆసియావాసుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తున్నాడు. అక్కడి మంత్రి జనరల్ స్మట్స్‌తో కుదిరిన రాజీ ప్రకారం స్వచ్ఛందంగా పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలి. గాంధీ డబ్బు తీసుకుని తమను అమ్మేశాడని నమ్మిన పఠాన్లు కొందరు దారిలో కాపు కాశారు. మీర్ ఆలం అనే ఆరడుగుల మనిషి, నిన్నటిదాకా గాంధీకి తెలిసినవాడే, ఎక్కడికి వెళ్తున్నావని అడిగి కర్రతో తలమీద కొట్టాడు. పడిపోయాక కూడా కొట్టారు. స్పృహ రాగానే గాంధీ మొదట అడిగింది మీర్ ఆలం ఎక్కడ అని. వాళ్లను వదిలెయ్యండి, తాము చేస్తున్నది సరైనదే అనుకుని చేశారు, వాళ్లమీద కేసు పెట్టాలని నాకు లేదు అన్నాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఆ తర్వాతి గంట. జోసెఫ్ డోక్ అనే బాప్టిస్టు పాస్టర్ ఇంట్లో మంచం మీద, పెదవి చిట్లి, పక్కటెముకలు నొప్పెడుతూ ఉన్న గాంధీ, రిజిస్ట్రేషన్ అధికారిని కాగితాలతో అక్కడికే రప్పించుకుని వేలిముద్రలు వేశాడు. ఏ పని చెయ్యకూడదని కొట్టారో ఆ పని కొట్టిన రోజే పూర్తిచేశాడు. కొట్టినవాడి మీద పగ లేదు, కొట్టినవాడి మాట మీద ఖాతరూ లేదు. ఈ రెండు ముక్కల్లో రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్నే మనకు పాఠ్యపుస్తకాల్లో చెప్పారు, అందుకే గాంధీ అంటే చెంపలు చూపించే మనిషి అన్న వెకిలి బొమ్మ మిగిలింది. మీర్ ఆలంకు శిక్ష తప్పలేదు. రోడ్డుమీద కొట్టడం గాంధీ సొంత వ్యవహారం కాదని ఊళ్లోని తెల్లవాళ్లు అభ్యంతరం చెబితే మళ్లీ పట్టుకుని మూడు నెలలు జైల్లో వేశారు. స్మట్స్ మాట తప్పాక అదే ఏడాది ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండువేలకు పైగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లను పెద్ద బానలో పోసి తగలబెట్టినప్పుడు, ఆ సభలో మీర్ ఆలం లేచి నిలబడి తాను గాంధీని కొట్టడం తప్పేనని ఒప్పుకున్నాడు, తన సర్టిఫికెట్ తెచ్చి కాల్చమని ఇచ్చాడు.

ఇక్కడ నేనూ జాగ్రత్తగా ఉండాలి. ప్రతి మీర్ ఆలమూ లేచి నిలబడడు. క్షమను ఒక మందుబిళ్లలా, వేస్తే ద్వేషం తగ్గుతుందని హామీ ఇచ్చి అమ్మేవాళ్లు ఈ పక్షానికి ఎక్కువ చెడ్డపేరు తెచ్చారు. మధ్యప్రదేశ్‌లో అప్పులిచ్చే షావుకార్లకు ఎదురుగా పేద రైతులను కూడగట్టిన సిస్టర్ రాణీ మరియాను 1995లో బస్సులో, జనం ముందే, సమందర్ సింగ్ కత్తితో పొడిచి చంపాడు. 2002లో ఆమె సొంత చెల్లెలు, ఆమె కూడా సన్యాసినే, ఇండోర్ జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టింది. అతను మారాడు. విడుదలయ్యాక కేరళ వెళ్లి ఆమె తల్లిదండ్రుల ముందు నిలబడ్డాడు. కథ బాగుంది, నిజం కూడా. కానీ అతను మారకపోయి ఉంటే ఆ రాఖీ వృథా అయ్యేదా? కాదనే అంటాను. ఆ చెల్లెలు ఫలితం చూసుకుని జైలుకు వెళ్లలేదు. విశ్వాసం అనేది పనికొచ్చే చోటు ఇదే. మారతాడన్న గ్యారంటీ లేకపోయినా, తను నమ్మిన దేవుడు తనతో ఎలా ఉన్నాడో అలా తను ఎదుటివాడితో ఉండాలి అనుకునేవాళ్లు ఈ పని చేస్తారు. మతం లేనివాళ్లు చెయ్యలేరని కాదు, చేసినవాళ్లు ఉన్నారు. ఫలితం చూసి దయ చూపుదాం అనేవాళ్లు మాత్రం ఎన్నటికీ మొదలుపెట్టరు. మరి ఇదే లెక్క పగకు ఎందుకు వెయ్యరు? పగ తీర్చుకుంటే ఎదుటివాడు మారిన దాఖలా చూపించమని పగవాణ్ణి ఎవరూ అడగరు.

తెలుగువాళ్లకు ఈ పరీక్ష 2017 ఫిబ్రవరి 22న వచ్చింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లోని ఒక బార్‌లో గార్మిన్ కంపెనీ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లనూ, అతని మిత్రుడు అలోక్ మాడసానినీ మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఆడమ్ ప్యూరింటన్ అనేవాడు కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. అడ్డం వెళ్లిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊళ్లో, తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో మనవాళ్ల మధ్య తిరిగిన సలహాలు గుర్తుచేసుకోండి. బయట తెలుగులో మాట్లాడకండి, మనం ఇరానీయులం కాదు హిందువులం అని తెలిసేలా ఉండండి. ఆ రెండో సలహాలో ద్వేషం మామీద కాకుండా పక్కవాడి మీద పడితే ఫర్వాలేదు అన్న ఒప్పందం దాగి ఉంది. శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ దారి పట్టలేదు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడేదాకా కేసు వెంట ఉంది, డిపెండెంట్ వీసా మీద ఉన్న తన హోదా భర్తతోపాటే పోతే దానికోసమూ పోరాడింది. వలసవచ్చినవాళ్లకూ స్థానికులకూ మధ్య మాట కలిపే ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే ప్రయత్నాన్ని, తన భర్తను పొమ్మన్న అదే నేలమీద మొదలుపెట్టింది. దాన్ని మెత్తదనం అనేవాళ్లు, తాము ఇచ్చిన సలహాను ఏమంటారో ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. క్షమ పైనున్నవాడికి అందం, కింద ఉన్నవాడికి అది బేడీ అంటారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేసినప్పుడు, ఆ వాడవాళ్ల దగ్గరికి వెళ్లి ఔదార్యం గురించి ఎవరైనా చెప్పి ఉంటే అది రెండో దాడే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. క్షమించమని బాధితుణ్ణి అడిగే హక్కు ఎవరికీ లేదు. పాస్టరుకు లేదు, పీఠాధిపతికి లేదు, రాజీ కుదర్చడానికి వచ్చిన ఎమ్మెల్యేకు అసలే లేదు. అది బాధితుడు ఇస్తే ఇచ్చేది, లేకపోతే లేదు. కానీ చుండూరు బాధితులు చేసినదేమిటో కూడా చూడాలి. శవాలను ఊరి నడుమ పూడ్చి, ఆ నేలను రక్తక్షేత్రం అన్నారు. విచారణ ఎక్కడో కాదు, నేరం జరిగిన ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇన్నేళ్లలో వాళ్లు నిందితుల పిల్లల మీద కత్తి ఎత్తలేదు. క్షమించామని అనలేదు, అననక్కర్లేదు. ద్వేషాన్ని ద్వేషంతో తీర్చుకోకుండా, ఒక్క అంగుళం తగ్గకుండా న్యాయం అడిగారు. హైకోర్టు తీర్పు వాళ్లకు చేసిన అన్యాయానికి తప్పు వాళ్ల నిగ్రహానిది కాదు, వ్యవస్థది. కత్తులు పట్టి ఉంటే న్యాయం వచ్చేదని చెప్పగలిగేవాడు ఆ తర్వాత ఆ వాడ మీద పడే పోలీసు లాఠీలను కూడా లెక్కవేసి చెప్పాలి.

బాధితుణ్ణి క్షమించమనడానికి బయటివాళ్లకు హక్కు లేదన్నాను. దీనికి రెండో సగం ఒకటుంది, భీముడి పక్షంవాళ్లు దాన్ని ఎప్పుడూ ఎత్తరు. బాధితుడి తరఫున పగ తీర్చుకునే హక్కు కూడా బయటివాళ్లకు లేదు. 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్ ఆసన్‌సోల్‌లో శ్రీరామనవమి అల్లర్లలో నూరానీ మసీదు ఇమామ్ ఇమ్దాదుల్లా రషీదీ పదహారేళ్ల కొడుకును చంపేశారు. పదో తరగతి పరీక్షలు అప్పుడే రాసిన పిల్లవాడు. అంత్యక్రియలకు వేలమంది వచ్చారు, మరిగిపోతున్నారు. అప్పుడు ఆ తండ్రి, నా కొడుకు పేరు చెప్పి ఎవరైనా ఎవరి మీదైనా చెయ్యెత్తితే నేను ఈ మసీదూ ఈ ఊరూ విడిచి వెళ్లిపోతాను అని ప్రకటించాడు. ఆయన ఎదిరించింది ఎవర్ని? కొడుకును చంపినవాళ్లను కాదు, వాళ్లు అక్కడ లేరు. తనను ప్రేమించే, తన కోసం చంపడానికి సిద్ధంగా ఉన్న తన మనుషుల్ని. చంపినవాళ్లను తిట్టడానికి ఆ రోజు ధైర్యం అక్కర్లేదు, వేలమంది చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ జనం మాట విన్నారు. ఆ కొడుకు వాళ్ల కొడుకు కాదు, ఆ పగ వాళ్లది కాదు. దాన్ని వాళ్లకు అరువు ఇవ్వడానికి దాని సొంతదారు ఒప్పుకోలేదు. మన టీవీ చర్చల్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి పగ తీర్చుకోమని గొంతు చించుకునేవాళ్లలో ఎంతమంది సొంత బిడ్డను పోగొట్టుకున్నారో, ఎవరి పగను అరువు తెచ్చుకుని అరుస్తున్నారో, ఆ అరువు ఇచ్చిందెవరో ముందు వాళ్లు చెప్పాలి. ఆ తర్వాతే రషీదీ మెత్తనివాడా కాదా అన్న సంగతి.